క్లౌడ్‌లో డేటా జాబ్ ఖర్చు: ముందు మీటరేదో చూడండి, రేటు తర్వాత

ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్)లో ఎస్‌క్యూఎల్ క్వెరీలు నడిపే అథీనా టీబీకి (1,024 జీబీ) 5 డాలర్లు. గూగుల్‌లో అదే పని చేసే బిగ్‌క్వెరీ టీబీకి 6.25. స్పార్క్ (డేటాను చాలా మెషీన్లకు పంచి ప్రాసెస్ చేసే సాఫ్ట్‌వేర్) జాబ్‌లు నడిపే ఏడబ్ల్యూఎస్ గ్లూ, డీపీయూ (దాని కంప్యూటింగ్ యూనిట్) గంటకు 0.44. అదే పనికి ఏడబ్ల్యూఎస్‌లోని ఇంకో సర్వీసు ఈఎంఆర్ సర్వర్‌లెస్ వీసీపీయూ (వర్చువల్ ప్రాసెసర్ కోర్) గంటకు 0.0526, మెమరీ జీబీ గంటకు 0.0058. ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి ఏది చవకో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. ఒకటి చదివిన డేటాను కొలుస్తుంది, ఇంకొకటి నడిచిన సమయాన్ని కొలుస్తుంది. బియ్యం కిలో ధరనూ పాలు లీటరు ధరనూ పోల్చి ఏది చవకంటే ఏం చెబుతాం? అంచనాలు తప్పేది ఎక్కువగా ఇక్కడే. రేటు సరిగ్గానే రాసుకుంటారు, దేన్ని కొలుస్తున్నారో చూసుకోరు.

ఇక్కడ ఇచ్చిన రేట్లన్నీ అమెరికా రీజియన్లవి (ఏడబ్ల్యూఎస్‌కు ఉత్తర వర్జీనియా, గూగుల్‌కు యూఎస్), పన్నులు కలపనివి. రేట్లు మారుతుంటాయి. 2023 జూలైలో బిగ్‌క్వెరీ 5 నుంచి 6.25కు పెరిగింది. కాబట్టి మీరు లెక్క వేసే రోజున ధరల పేజీ ఒకసారి చూసుకోండి. లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.

మూడు రకాల మీటర్లు

చదివినంతకు: అథీనా, బిగ్‌క్వెరీ ఆన్-డిమాండ్. క్వెరీలో జాయిన్లు (టేబుళ్లను కలపడాలు) ఎన్ని ఉన్నా, ఎంతసేపు నడిచినా సంబంధం లేదు. ఎన్ని బైట్లు చదివిందన్నదే లెక్క.

నడిచినంతకు: గ్లూ, ఈఎంఆర్ సర్వర్‌లెస్, బిగ్‌క్వెరీ స్లాట్లు (కంప్యూటింగ్ యూనిట్లు). ఎంత డేటా చదివారన్నది ఇక్కడ పట్టింపు కాదు. ఎన్ని కోర్లు, ఎన్ని సెకన్లు అన్నదే లెక్క.

ఉన్నంతకు: ఈసీ2 (ఏడబ్ల్యూఎస్ అద్దె మెషీన్లు) మీద నడిపే ఈఎంఆర్, గూగుల్‌లో డేటాప్రాక్ లాంటి క్లస్టర్లు (మెషీన్ల గుంపులు). పని ఉన్నా లేకున్నా, మెషీన్ ఆన్‌లో ఉన్నంతసేపు డబ్బు పోతూనే ఉంటుంది.

దీన్నిబట్టే ఒక మోటు సూత్రం వస్తుంది. తక్కువ చదివి ఎక్కువ లెక్కలు కట్టే జాబ్‌కు మొదటి మీటరు లాభం. బోలెడంత చదివి, చిన్న ఫిల్టర్ వేసి వదిలేసే జాబ్‌కు రెండోది లాభం. మూడోది ఎప్పుడు గిడుతుందో కింద లెక్కతో చూద్దాం. చాలామంది అనుకునేదానికంటే చాలా ఆలస్యంగా గిడుతుంది.

ఒక జాబ్ తీసుకుందాం

రోజూ రాత్రి ఎస్3లోకి (ఏడబ్ల్యూఎస్ ఫైల్ నిల్వలోకి) 200 జీబీ జేసన్ (JSON) లాగ్‌లు వస్తాయి, కంప్రెస్ చేయనివి. వాటిలో డూప్లికేట్లు తీసేసి, 5 జీబీ ఉన్న కస్టమర్ టేబుల్‌తో జాయిన్ చేసి, పార్కెట్‌గా (కాలమ్‌ల వారీగా కుదించి దాచే ఫైల్ రూపం) రాయాలి. అవుట్‌పుట్ రోజుకు 30 జీబీ. తెల్లారాక అనలిస్టులు ఆ పార్కెట్ మీద రోజుకు 40 క్వెరీలు నడుపుతారు.

ఈ జాబ్ ఎంతసేపు పడుతుందో కాగితం మీద ఊహించకండి, కొలవండి. జీ.1ఎక్స్ రకం వర్కర్ మెషీన్లు పదింటితో గ్లూ జాబ్ పెట్టి (ఒక్కో వర్కర్ ఒక డీపీయూ, అంటే 4 వీసీపీయూ, 16 జీబీ మెమరీ) రెండు సైజుల్లో నడపండి. ఉదాహరణకు 10 జీబీకి 4 నిమిషాలు, 40 జీబీకి 12 నిమిషాలు పట్టిందనుకుందాం. తేడా 30 జీబీకి 8 నిమిషాలు, అంటే జీబీకి 0.267 నిమిషం. వెనక్కి లెక్కేస్తే దాదాపు 1.3 నిమిషాలు స్థిర ఖర్చు: స్పార్క్ మొదలవడం, ఫైళ్ల జాబితా తీయడం, డేటా ఎంతైనా ఒకే సైజులో ఉండే ఆ కస్టమర్ టేబుల్ చదవడం. 200 జీబీకి 1.3 + 53.3, సుమారు 55 నిమిషాలు.

ఒక్క శాంపిల్‌తో సరిపెట్టుకుంటే? 10 జీబీకి 4 నిమిషాలు కాబట్టి 200కు 80 అనుకుంటారు. స్థిర ఖర్చును కూడా 20తో గుణించేశారన్నమాట. అందుకే రెండు పాయింట్లు కావాలి.

అసలైతే మూడు కావాలి. 10 వర్కర్లకు ఉన్నదంతా కలిపి 160 జీబీ మెమరీ, అందులోనూ స్పార్క్ షఫుల్‌కు (వర్కర్ల మధ్య డేటా మార్పిడికి) దక్కేది కొంత భాగమే. 40 జీబీ దాకా మెమరీలో సరిపోయిన డేటా 200 జీబీకి డిస్క్ మీదకు పొంగుతుంది. అక్కడ గీత వంగుతుంది. 100 జీబీతో మూడో రన్ వేయండి. పై లెక్క ప్రకారం 28 నిమిషాలు రావాలి. 35 వస్తే గీత వంగిందనే అర్థం, 200కు 55 అన్న మాట మర్చిపోవాలి. మూడు రన్‌లూ కలిపి 44 నిమిషాలు, ఖర్చు సుమారు 3.2 డాలర్లు. నెల బిల్లుకు ఇచ్చే అంచనాకు ఇంతకంటే చవకైన బీమా దొరకదు.

శాంపిల్ ఎంచుకోవడంలోనూ ఒక మెలిక ఉంది. ఫోల్డర్‌లో మొదటి 10 జీబీ తీసుకుంటే అవన్నీ అర్ధరాత్రి నుంచి ఒంటిగంట లోపు లాగ్‌లు కావచ్చు. డూప్లికేట్లు తక్కువ, కీలు తక్కువ, జాబ్ హాయిగా పరిగెడుతుంది. రోజంతటి ఫైళ్లలోంచి కలగలిపి తీసుకోండి. మామూలు రోజుతో పాటు పండగ సేల్ రోజు డేటానూ ఒకసారి చూడండి.

స్క్యూ (పని ఒకటి రెండు టాస్కుల మీదే పడటం), స్పిల్ (డిస్క్ మీదకు పొంగడం) వంటి వాటికి కొంత కలిపి 70 నిమిషాలు అనుకుందాం. ఇక పోలిక:

| ఎంపిక | లెక్క | రోజుకు (డాలర్లు) | నెలకు (డాలర్లు) |
|---|---|---|---|
| గ్లూ స్టాండర్డ్ | 10 డీపీయూ × 70 ని. × 0.44 | 5.13 | 154 |
| గ్లూ ఫ్లెక్స్ | అదే, 0.29 రేటుతో | 3.38 | 101 |
| ఈఎంఆర్ సర్వర్‌లెస్ | 40 వీసీపీయూ, 160 జీబీ, 70 ని. | 3.53 | 106 |
| ఈసీ2 మీద ఈఎంఆర్ | 11 ఎం5.ఎక్స్‌లార్జ్ × 0.24, 78 ని. | 3.43 | 103 |
| అదే, స్పాట్‌తో | 10 వర్కర్లు 60 శాతం తగ్గింపుతో | 1.93 | 58 |
| అథీనా | 205 జీబీ × టీబీకి 5 | 1.00 | 30 |

ఈసీ2 వరుసలో ఎం5.ఎక్స్‌లార్జ్ అన్నది మెషీన్ రకం, 11వ మెషీన్ ప్రైమరీ నోడ్ (మిగతావాటిని నడిపించేది). 8 నిమిషాలు ఎక్కువ వేసింది క్లస్టర్ లేచి బూట్‌స్ట్రాప్ అవడానికి. గంటకు 0.24లో 0.192 ఈసీ2ది, 0.048 ఈఎంఆర్ ఫీజు. స్పాట్ (మిగులు మెషీన్లను చవకగా ఇచ్చే పద్ధతి) తగ్గింపు మొదటిదానికే వర్తిస్తుంది, ఈఎంఆర్ ఫీజు పైసా తగ్గదు. అందుకే 60 శాతం తగ్గింపు అన్నా బిల్లు మొత్తం మీద కనిపించేది 44 శాతమే. ఈబీఎస్ డిస్కుల ఖర్చు విడిగా పడుతుంది. అన్నిచోట్లా జాబ్ ఒకే 70 నిమిషాలు పడుతుందని టేబుల్‌లో పెట్టుకున్నాం. నిజానికి గ్లూ, ఈఎంఆర్‌ల స్పార్క్ ఒకే వేగంతో నడవదు, కాబట్టి మీరు కొలిచిన నిమిషాలు ఆ గడిలో వేసుకోండి.

ఇక ఏది ఎంచుకోవాలి? ఎస్‌క్యూఎల్‌తో పని అయ్యేటట్టుంటే అథీనాకే ఓటు. డూప్లికేట్లు తీయడం, జాయిన్ చేయడం, పార్కెట్ రాయడం: ఈ మూడూ ఒక ఇన్సర్ట్ ఇంటూ క్వెరీలో అయిపోతాయి. చదివింది 205 జీబీ, బిల్లు ఒక డాలరు. వెనక ఎన్ని కోర్లు శ్రమించాయన్నది మీకు అనవసరం. లాగ్‌లను జీజిప్‌తో కంప్రెస్ చేసి పెడితే ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే అథీనా కంప్రెస్ అయిన బైట్లనే లెక్క కడుతుంది. అయితే దానికి హద్దులున్నాయి. క్వెరీకి డీఫాల్ట్‌గా 30 నిమిషాల గడువు. ఒక్క ఇన్సర్ట్ 100 పార్టిషన్లకు (తేదీ వంటి విలువతో విడదీసిన భాగాలకు) మించి రాయలేదు. పెద్ద టేబుళ్ల మధ్య జాయిన్ అయితే మెమరీ చాలక క్వెరీ మధ్యలో కూలిపోవచ్చు. ఫెయిలైన క్వెరీకి డబ్బులు పడవు, మీరే క్యాన్సిల్ చేస్తే మాత్రం అప్పటిదాకా చదివినదానికి పడతాయి.

పైథాన్ లైబ్రరీలు కావాలి, ఎస్‌క్యూఎల్‌లో ఇమడదు అంటే స్పార్కే దిక్కు. అప్పుడు ఫ్లెక్స్, సర్వర్‌లెస్, ఈసీ2 ముగ్గురూ నెలకు నూరు డాలర్ల దగ్గరే తచ్చాడుతున్నారు. ఆ నాలుగైదు డాలర్ల కోసం క్లస్టర్ సంసారం నెత్తిన పెట్టుకోవడం దండగ. పొద్దున 6 గంటలకు రిపోర్ట్ ఉండి తీరాలి అనే జాబ్‌ను ఫ్లెక్స్‌లో పెట్టకండి. అది మిగులు కెపాసిటీ మీద నడుస్తుంది, మొదలవడానికి ఎంతసేపైనా పట్టొచ్చు, మధ్యలో వర్కర్లు పోవచ్చు. స్పాట్‌తో 58కి తెచ్చుకోవడం నిజమే. ఏడబ్ల్యూఎస్ రెండు నిమిషాల ముందు చెప్పి మెషీన్ తీసేసుకుంటుందని గుర్తుంచుకుని, షఫుల్ డేటా పోయినా జాబ్ తట్టుకుంటుందా అని పరీక్షించాకే వెళ్లండి.

వర్కర్లను రెట్టింపు చేస్తే సమయం సగమై ఖర్చు అంతే ఉంటుందన్నది పుస్తకం లెక్క. 20 వర్కర్లతో 35 నిమిషాలకు బదులు 40 పడితే 5.87 డాలర్లు. వేగం కావాలంటే అది కొనుక్కోవాల్సిందే.

క్లస్టర్ ఎప్పుడు గిడుతుంది

పై 11 మెషీన్ల క్లస్టర్ గంటకు 2.64 డాలర్లు. అదే శక్తికి సర్వర్‌లెస్ గంటకు 3.03, గ్లూ 4.40. 24 గంటలూ తెరిచి ఉంచిన క్లస్టర్ సర్వర్‌లెస్ కంటే చవక కావాలంటే రోజులో దాదాపు 21 గంటలు దానికి నిండుగా పని ఉండాలి. గ్లూతో పోలిస్తే 14 గంటలన్నర. రోజుకు గంటా పది నిమిషాల జాబ్ కోసం క్లస్టర్ ఆపకుండా వదిలేస్తే నెలకు 1,900 డాలర్లు, 103 కావలసిన చోట. ఈఎంఆర్‌లో ఖాళీగా ఉంటే దానంతటదే ఆగిపోయే సెట్టింగ్ ఉంది, పెట్టి తీరాలి.

డేటాబ్రిక్స్ (స్పార్క్ నడిపే ఇంకో ప్లాట్‌ఫారం) వాడేవారికి ఇదే మాట ఇంకో రూపంలో. ఏడబ్ల్యూఎస్‌లో ప్రీమియం ప్లాన్‌కు జాబ్స్ కంప్యూట్ డీబీయూ (డేటాబ్రిక్స్ బిల్లు యూనిట్) 0.15, ఆల్-పర్పస్ (నోట్‌బుక్‌లు రాసుకునే క్లస్టర్) 0.55. మెషీన్ ఖర్చు దానికి అదనం. నోట్‌బుక్ రాసిన క్లస్టర్ మీదే రాత్రి జాబ్‌నూ షెడ్యూల్ చేస్తే డీబీయూ ఖర్చు మూడున్నర రెట్లు దాటుతుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మారదు, జాబ్ సెట్టింగ్‌లో క్లస్టర్ రకం మార్చాలి, అంతే.

అసలు డబ్బు పోయేది క్వెరీల దగ్గర

రాత్రి జాబ్‌కు 30 నుంచి 154 డాలర్లు అని ఇంతసేపు తర్జనభర్జన పడ్డాం. ఇప్పుడు పగటి క్వెరీలు చూడండి. ఒక అనలిస్ట్ పచ్చి జేసన్ మీదే నెల డేటా అడిగితే 6,000 జీబీ, అథీనాలో 29 డాలర్లు. ఒక్క క్వెరీకి! అదే పార్కెట్ మీద అయితే నెలకు 900 జీబీ, అందులో అడిగిన నాలుగైదు కాలమ్‌లు ఐదో వంతు అనుకుంటే 180 జీబీ, 88 సెంట్లు. తేదీ పార్టిషన్ మీద వారానికి కుదిస్తే 20 సెంట్లు.

రోజుకు 40 క్వెరీలు: నెల డేటా మీద అయితే నెలకు 1,050 డాలర్లు దాటుతుంది, వారం డేటా మీద అయితే 250 లోపు. రాత్రి జాబ్ ఇంజిన్ మార్చి మిగిల్చేది యాభై అయితే, క్వెరీలోని WHERE షరతులో తేదీ ఫిల్టర్ రాయిస్తే మిగిలేది ఎనిమిది వందలు. తేదీ కాలమ్‌ను ఫంక్షన్‌లో చుట్టేసి రాస్తే పార్టిషన్ ఫిల్టర్ పనిచేయకపోవచ్చు. క్వెరీ అయ్యాక ఎంత స్కాన్ అయిందో కన్సోల్ చూపిస్తుంది, అక్కడ సరిచూసుకోండి. లిమిట్ 10 (పది వరుసలే చూపించు) అని రాశాం కదా అని ధీమా వద్దు. బిగ్‌క్వెరీలో మామూలు టేబుల్ మీద లిమిట్ పెట్టినా అడిగిన కాలమ్‌లు మొత్తం చదివినట్టే బిల్లు.

5 కంటే 6.25 ఎంత ఎక్కువ?

25 శాతం అనుకుంటే పొరపాటు. అథీనా ఎస్3లో ఉన్న కంప్రెస్డ్ బైట్లను కొలుస్తుంది. బిగ్‌క్వెరీ ఆన్-డిమాండ్ లాజికల్ బైట్లను కొలుస్తుంది: ఇంటీజర్ అయితే 8 బైట్లు, స్ట్రింగ్ అయితే 2 బైట్లకు తోడు అక్షరాల పొడవు, లోపల ఎంత కుదించి దాచినా సరే. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో 3 బైట్లు తీసుకుంటుంది, కాబట్టి తెలుగు కామెంట్లు, చిరునామాలు ఉన్న కాలమ్ అదే పొడవున్న ఇంగ్లీషు కాలమ్‌కు దాదాపు మూడు రెట్లు. పార్కెట్‌లో 180 జీబీ ఉన్న కాలమ్‌లు లాజికల్‌గా 600 జీబీ అయితే 88 సెంట్ల క్వెరీ 3.66 డాలర్లు అవుతుంది. మరోవైపు బిగ్‌క్వెరీలో అదే యూజర్ అదే క్వెరీ మళ్లీ నడిపితే, టేబుల్ మారనంతవరకు, దాదాపు 24 గంటల పాటు దాచి ఉంచిన ఫలితం (క్యాష్) నుంచి ఉచితంగా వస్తుంది. నెలకు మొదటి 1 టీబీ కూడా ఉచితం. రోజంతా ఒకే డ్యాష్‌బోర్డ్‌ను ఒకే ఖాతా మీద పదేపదే తిప్పే చోట ఇది లెక్కను తారుమారు చేస్తుంది. అథీనాలోనూ ఫలితాలను మళ్లీ వాడుకునే సౌకర్యం ఉంది, కానీ దాన్ని అడిగి ఆన్ చేయించుకోవాలి.

బిగ్‌క్వెరీలో మంచి సంగతి, క్వెరీ నడపకుండానే డ్రై రన్ ఎన్ని బైట్లో చెప్పేస్తుంది, అదీ ఉచితంగా. క్లస్టర్ చేసిన (కొన్ని కాలమ్‌ల విలువల వారీగా సర్దిపెట్టిన) టేబుల్‌కు అది పైహద్దు మాత్రమే, అసలు బిల్లు తక్కువే రావచ్చు.

స్లాట్లా, ఆన్-డిమాండా

ఇక్కడ పనికొచ్చే అంకె ఒకటుంది: 104. బిగ్‌క్వెరీ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో (స్లాట్లు కొనే ప్లాన్‌లలో ఒకటి) స్లాట్ గంటకు 0.06 డాలర్లు. 6.25ను 0.06తో భాగిస్తే 104 స్లాట్-గంటలు. ఒక టీబీ చదవడానికి మీ క్వెరీలు 104 స్లాట్-గంటల కంటే తక్కువ తింటుంటే స్లాట్లు లాభం, ఎక్కువ తింటుంటే ఆన్-డిమాండ్ లాభం. స్టాండర్డ్ ఎడిషన్ (0.04) అయితే ఆ హద్దు 156.

మీ అంకె ఊహించనక్కర్లేదు. ఇన్ఫర్మేషన్ స్కీమాలోని జాబ్స్ వ్యూలో 180 రోజుల చరిత్ర ఉంటుంది. బిల్లయిన బైట్ల మొత్తాన్ని టీబీల్లోకి, స్లాట్ మిల్లీసెకన్ల మొత్తాన్ని 36,00,000తో భాగించి స్లాట్-గంటల్లోకి మార్చి, రెండోదాన్ని మొదటిదానితో భాగించండి.

వచ్చిన అంకెను అలాగే నమ్మకండి. ఆటోస్కేలర్ (అవసరాన్ని బట్టి స్లాట్లను తనంతట తానే పెంచేది) 50 స్లాట్ల మెట్లలో పెరుగుతుంది, పెరిగాక కనీసం ఒక నిమిషం బిల్లు వేస్తుంది. రెండు సెకన్ల డ్యాష్‌బోర్డ్ క్వెరీలు అటొకటి ఇటొకటి వస్తుంటే వాడింది కొంచెం, కట్టేది బోలెడు. ఒకటిన్నర రెట్లు వేసుకుని, 70 దగ్గరే ఎంటర్‌ప్రైజ్ హద్దు అనుకుంటే నిద్ర పడుతుంది. వేగం సంగతీ చూడాలి. ఆన్-డిమాండ్ ప్రాజెక్టుకు మామూలుగా 2,000 స్లాట్ల వరకు దొరుకుతాయి. మీరు గరిష్ఠం 100 పెట్టుకుని అదే పని అదే సమయంలో కావాలంటే కాదు. భారీ జాయిన్ల రాత్రి జాబ్‌లను ఒక ప్రాజెక్టులో ఆన్-డిమాండ్‌గా, విస్తారంగా చదివి ఊరికే వడపోసేవాటిని ఇంకో ప్రాజెక్టులో స్లాట్ల మీద పెట్టుకోవచ్చు. ఒకటే ఎంచుకోవాలన్న నియమం ఏమీ లేదు.

అంచనాలో కనిపించనివి

మొదటిది నాట్ గేట్‌వే, అంటే ప్రైవేట్ నెట్‌వర్క్ నుంచి బయటికి వెళ్లే దారి. ప్రైవేట్ సబ్‌నెట్‌లో ఉన్న క్లస్టర్ ఎస్3 డేటాను నాట్ గుండా లాగితే జీబీకి 0.045. రోజుకు 200 జీబీ, నెలకు 6,000 జీబీ: 270 డాలర్లు. జాబ్ ఖర్చు 154 దాటలేదు, దారి ఖర్చు 270! ఎస్3 గేట్‌వే ఎండ్‌పాయింట్‌కు (ఎస్3కు నేరుగా వెళ్లే దారికి) డబ్బు లేదు, రూట్ టేబుల్‌లో ఒక వరుస చేరితే చాలు.

రెండోది జీజిప్. పైన కంప్రెస్ చేస్తే అథీనాలో చవక అన్నాం. కానీ 20 జీబీ జీజిప్ ఫైలు ఒక్కటే ఉంటే దాన్ని ముక్కలుగా చదవలేరు, ఒకే కోర్ చదువుతుంది. మిగతా 39 కోర్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటాయి, గ్లూ మీటరు మాత్రం నలభైకీ తిరుగుతుంది. కొన్ని వందల ఎంబీల సైజులో చాలా ఫైళ్లు చేయండి.

అలాగని మరీ చిన్నవీ వద్దు. 200 జీబీని 100 కేబీ ఫైళ్లుగా రాస్తే 20 లక్షల ఫైళ్లు. ఎస్3లో రాయడానికే వెయ్యికి 0.005 చొప్పున రోజుకు 10 డాలర్లు, అంటే గ్లూ జాబ్‌కు రెట్టింపు. చదివేటప్పుడు రిక్వెస్టుల ఖర్చు 80 సెంట్లే కానీ, జాబితా తీయడానికీ ఫైళ్లు తెరిచి మూయడానికీ పోయే సమయం డీపీయూ బిల్లులో పడుతుంది.

నల్ (ఖాళీ) కీ ఇంకో దొంగ. కస్టమర్ ఐడీ లేని లాగ్‌లన్నీ జాయిన్‌లో ఒకే టాస్క్‌లోకి వెళతాయి. 199 టాస్కులు పది నిమిషాల్లో ముగిసి, ఒక్కటి నలభై నిమిషాలు ఈడుస్తుంది. స్పార్క్ యూఐలో స్టేజ్ పేజీ తెరిచి టాస్క్ సమయాల్లో మధ్యస్థానికీ గరిష్ఠానికీ తేడా చూడండి. ఐదారు రెట్లుంటే వర్కర్లు పెంచినా లాభం లేదు, నల్‌లను ముందే విడదీయాలి.

చివరిగా, బ్యాక్‌ఫిల్. స్కీమా మారింది, ఏడాది డేటా మళ్లీ నడపాలి అంటే గ్లూలో 365 × 5.13, దాదాపు 1,870 డాలర్లు. ఏడాదిలో ఒకసారైనా ఇది వస్తుందని ముందే అంచనాలో ఒక వరుస రాసి పెట్టండి.

కళ్లెం

గ్లూ పాత వెర్షన్లలో జాబ్ టైమౌట్ డీఫాల్ట్ 2,880 నిమిషాలు. శుక్రవారం రాత్రి ఇరుక్కున్న 10 డీపీయూల జాబ్ ఆదివారం రాత్రికి 211 డాలర్లు తింటుంది. 70 నిమిషాల జాబ్‌కు 120 పెట్టండి. అథీనాలో వర్క్‌గ్రూప్‌కు క్వెరీకి ఇన్ని జీబీలని హద్దు, బిగ్‌క్వెరీలో గరిష్ఠ బిల్లు బైట్ల హద్దు పెట్టొచ్చు. రెండోది దాటేలా ఉంటే క్వెరీ మొదలవకుండానే ఆగిపోతుంది, ఖర్చు పడదు. బడ్జెట్ అలర్ట్‌ను నమ్ముకుని ఇవి వదిలేయకండి. అది గంటల ఆలస్యంగా వస్తుంది, వచ్చాక కూడా దేన్నీ ఆపదు.

ఇండియా నుంచి బిల్లు కట్టేవారు పై అంకెలకు 18 శాతం జీఎస్టీ, ఆ నెల మారకపు రేటు కలుపుకోవాలి. రీజియన్ మారితే రేట్లూ మారతాయి. ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో తెరిచింది. ముంబయిలో ఉన్న ప్రతి సర్వీసూ, ప్రతి మెషీన్ రకమూ అక్కడ ఉంటుందని అనుకోకుండా ముందు జాబితా చూసుకోండి. డేటా ముంబయిలో ఉంచి జాబ్ హైదరాబాద్‌లో నడిపితే రెండు రీజియన్ల మధ్య బదిలీకి జీబీ చొప్పున చార్జీ పడుతుంది, రోజుకు 200 జీబీ అంటే అది చిన్న మొత్తం కాదు. డేటా ఎక్కడుంటే జాబ్ అక్కడే నడపండి.